దెబ్బ తగిలిన మొదటి రెండు రోజులు

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

వేసవి శిబిరాలు ముగిసి బడులు తెరిచే ఈ రోజుల్లో కరాటే, టైక్వాండో, బాక్సింగ్, కుస్తీ నేర్చుకుంటున్నవారి నుంచి, వారి తల్లిదండ్రుల నుంచి ఉత్తరాలు ఎక్కువగా వస్తాయి. బెణికిన చీలమండ, వాచిన వేలు, కమిలిన తొడ వంటి దెబ్బలు చాలావరకు ఇంటిపట్టునే నయమవుతాయి. అయితే దెబ్బ వల్ల కలిగే నష్టం కన్నా, ఆ తర్వాతి రెండు రోజుల్లో మనం చేసే మర్దనల వల్ల, వేసే కాపడాల వల్ల, నొప్పి తగ్గకముందే మళ్లీ మ్యాట్ ఎక్కే తొందర వల్ల జరిగే నష్టమే ఎక్కువని ఈ ఉత్తరాలు మళ్లీ మళ్లీ చెబుతున్నాయి. అందుకే ఈసారి స్థలమంతా ఈ ఒక్క విషయానికే కేటాయించాము.

ప్రశ్న: నాకు ఇరవై ఆరేళ్లు. మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు కరాటే నేర్చుకుంటున్నాను. మొన్న ఎగిరి కిక్ కొట్టి దిగేటప్పుడు ఎడమ పాదం లోపలికి మడత పడింది. చీలమండ బయటివైపు బాగా వాచింది, కుంటుతూ నడుస్తున్నాను. మా నానమ్మ పసుపు, సున్నం కలిపి పట్టు వేస్తానంటోంది. స్నేహితులు ఐస్ పెట్టమంటున్నారు. బంధువు ఒకాయన పుత్తూరు కట్టు వేయించమంటున్నారు. మూడు వారాల్లో బెల్టు టెస్టు ఉంది. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందుగా ఎముక విరిగిందేమో తేల్చుకోవాలి. అందుకు ప్రతిసారీ ఎక్స్‌రే అవసరం లేదు. కెనడాలోని ఒట్టావా నగర వైద్యులు 1992లో ప్రకటించిన ఒక పరీక్ష పద్ధతిని ఇప్పుడు అనేక దేశాల అత్యవసర విభాగాల్లో పాటిస్తున్నారు. దాన్ని మీరు మంచం మీద కూర్చునే చేసుకోవచ్చు. చీలమండకు రెండువైపులా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనుక అంచును, కింది కొనను వేలితో గట్టిగా నొక్కండి. తర్వాత పాదం బయటి అంచు వెంబడి చిటికెన వేలి నుంచి వెనక్కి వస్తే సగం దూరంలో తగిలే ఎముక గడ్డను, పాదం లోపలివైపు వంపునకు పైన ఉండే ఎముకను కూడా నొక్కి చూడండి. వీటిలో ఎక్కడైనా సరిగ్గా ఎముక మీదే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాలి. దెబ్బ తగిలినప్పుడు, ఇప్పుడు కూడా నాలుగు అడుగులు వేయలేని స్థితి ఉన్నా తీయించాలి. కుంటుతూ వేసినవి కూడా అడుగుల కిందే లెక్క. మీరు నడుస్తున్నారు కాబట్టి, నొక్కినప్పుడు ఎముక మీద నొప్పి లేకపోతే, ఇది బయటివైపు లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) సాగడమో కొద్దిగా చిరగడమో అయి ఉంటుంది.

ఇక మీకు అందిన సలహాల సంగతి. సున్నం క్షారగుణం కలది. పలుచని చర్మం మీద పొక్కులు తెప్పించగలదు, చర్మం దోక్కుపోయిన చోట అసలు వేయకూడదు. అయితే నానమ్మగారి మాటలో ఒక మేలు లేకపోలేదు: పట్టు ఆరేదాకా కాలు చాపుకొని కదలకుండా కూర్చోమంటారు, మొదటి రోజు కాలికి కావలసినది కూడా అదే. కాలు చాపి, కింద రెండు దిండ్లు పెట్టుకొని, గుండె కన్నా ఎత్తులో ఉంచితే వాపు తగ్గుతుంది. ఎముక విరగనప్పుడు పుత్తూరు కట్టు లాంటి గట్టి కట్టు మాత్రం వద్దు. బెణికిన కీలును వారాల తరబడి బిగించి కదలకుండా ఉంచితే అది బిరుసెక్కి, చుట్టూ ఉన్న కండరాలు నీరసిస్తాయి. మందుల షాపులో దొరికే క్రేప్ బ్యాండేజీని కాలివేళ్ల దగ్గర మొదలుపెట్టి పిక్క వైపు చుట్టండి. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, నీలం తిరిగినా వెంటనే విప్పి వదులుగా కట్టుకోండి. రాత్రి పడుకునేటప్పుడు తీసేయండి.

ఐస్ విషయంలో వైద్యుల అభిప్రాయం కూడా మారింది. విశ్రాంతి, ఐస్, బిగింపు కట్టు, ఎత్తులో ఉంచడం అనే నాలుగు సూత్రాలను 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ వైద్యుడు గేబ్ మిర్కిన్, ఐస్ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తరువాతి కాలంలో తానే ఒప్పుకున్నారు. 2019లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ద్వారా వెలువడిన ఒక సూచన మరో అడుగు ముందుకు వేసి, ఐస్‌నూ వాపు తగ్గించే మాత్రలనూ పక్కన పెట్టమంది. వాపు కూడా మరమ్మతులో భాగమేనన్నది దాని వాదన. నా సలహా మధ్యస్థంగా ఉంటుంది. నొప్పి భరించలేనట్లుంటే మొదటి రెండు రోజులు పలుచని గుడ్డలో చుట్టిన ఐస్‌ను పది, పదిహేను నిమిషాలు పెట్టి తీసేయండి. నొప్పి ఓర్చుకోగలిగేదైతే దాని జోలికి పోనక్కరలేదు. ఐస్‌ను నేరుగా చర్మానికి ఆనించకూడదు. వేడినీళ్ల కాపడం, వేడి నూనెతో మర్దన, మద్యం మొదటి రెండు మూడు రోజులు పూర్తిగా మానాలి. ఈ మూడూ లోపలి రక్తస్రావాన్ని పెంచుతాయి.

రెండో రోజు నుంచే నెమ్మదిగా కదిలించడం మొదలుపెట్టండి. కాలి బొటనవేలితో గాలిలో అ నుంచి ఱ దాకా అక్షరాలు రాయడం మంచి వ్యాయామం, ఎందుకంటే అందులో కీలు అన్ని వైపులకూ తిరుగుతుంది. నొప్పి పెరగనంతవరకు మామూలుగా అడుగు వేస్తూ నడవండి. మీది ఎడమ కాలు కనుక మోటార్‌సైకిల్ గేరు పైకెత్తి మార్చే ప్రతిసారీ దెబ్బ తిన్న చోటనే ఒత్తిడి పడుతుంది. ఒక వారం మెట్రోలోనో బస్సులోనో వెళ్లండి. నిలబడితే నొప్పి లేని దశకు రాగానే గోడ పట్టుకొని మడమలు పైకెత్తడం, ఆపై ఒంటికాలి మీద అర నిమిషం నిలబడటం, అది తేలికయ్యాక కళ్లు మూసుకొని నిలబడటం అలవాటు చేసుకోండి. ఈ చివరి అభ్యాసాన్ని చాలామంది వదిలేస్తారు, అదే చీలమండ మళ్లీ మళ్లీ బెణికేది కూడా అందుకే. లిగమెంటు దెబ్బతిన్నప్పుడు కాలు ఏ కోణంలో ఉందో మెదడుకు తెలియజేసే నాడుల పనితనం కూడా దెబ్బతింటుంది, దాన్ని సాధనతోనే తిరిగి తెచ్చుకోవాలి.

బెల్టు టెస్టు గురించి తేదీని చూసి నిర్ణయం తీసుకోకండి. తేలికపాటి బెణుకు ఒకటి నుంచి మూడు వారాల్లో సర్దుకుంటుంది, లిగమెంటు కొంత చిరిగి ఉంటే ఆరు వారాలు కూడా పట్టవచ్చు. ఎడమ కాలి మీద గెంతినప్పుడు కుడి కాలితో సమానంగా, నొప్పి లేకుండా గెంతగలిగితే ముందు స్టాన్సులు (నిలబడే భంగిమలు), తర్వాత కాటా (ఒంటరిగా చేసే కదలికల వరుస), ఆ పైన ఎడమ కాలి మీద నిలబడి కొట్టే కిక్‌లు, అన్నిటికన్నా చివర స్పారింగ్ (ఎదుటివారితో తలపడే సాధన) అనే వరుసలో తిరిగి ప్రవేశించండి. అప్పటికి టెస్టు దాటిపోతే మీ మాస్టర్‌గారికి చెప్పి తరువాతి గ్రేడింగుకు హాజరు కండి.

ప్రశ్న: బాక్సింగ్‌లో చేరి నాలుగు నెలలైంది. బ్యాగ్ కొడుతుంటే కుడి చేతి కణుపుల మీద చర్మం లేచిపోతోంది. పోయిన వారం నుంచి చిటికెన వేలి కణుపు దగ్గర వాపు కూడా ఉంది. క్లాసుకు వెళ్లే ముందు ఒక నొప్పి మాత్ర వేసుకుంటే రెండు గంటలు తెలియడం లేదు. ఇలా కొనసాగించవచ్చా?
– ఒక పాఠకుడు, మారేడ్‌పల్లి

జవాబు: కొనసాగించవద్దు. నొప్పి మాత్ర వేసుకొని దెబ్బ తిన్న చేతితోనే కొట్టడం ఈ ఉత్తరాలన్నిటిలోనూ నన్ను ఎక్కువగా ఆందోళన పెట్టిన విషయం. నొప్పి చేతిని ఆపమని చెబుతోంది, మాత్ర ఆ మాట మీకు వినపడకుండా చేస్తోంది. పైగా చెమటతో ఒంట్లో నీరు తగ్గి ఉన్న సమయంలో డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటివి మూత్రపిండాల మీద భారం వేస్తాయి, ఖాళీ కడుపుతో వేసుకుంటే కడుపులో పుండ్లు కావచ్చు. వానాకాలంలో మన నగరంలో డెంగీ ఉంటుంది కాబట్టి జ్వరం కూడా ఉన్నప్పుడు ఈ మాత్రలనూ ఆస్పిరిన్‌నూ అసలు ముట్టకూడదు, అవి రక్తస్రావం ముప్పును పెంచుతాయి. రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉంటే కాలేయ జబ్బు లేని పెద్దవారు పారాసిటమాల్ వేసుకోవచ్చు. జలుబు మాత్రల్లో కూడా అదే మందు ఉంటుందని గుర్తుంచుకొని, అన్నీ కలిపి 24 గంటల్లో 4 గ్రాములు దాటకుండా చూసుకోవాలి.

ఇప్పుడు మీ చెయ్యి. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి మెల్లగా పిడికిలి బిగించండి. కుడి చేతి చిటికెన వేలి కణుపు ఎడమ చేతిలోలాగా పైకి కనిపించకుండా లోపలికి పోయినట్లున్నా, ఆ వేలు పక్క వేలి మీదికి ఎక్కుతున్నా అరచేతి ఎముక విరిగి ఉండే అవకాశం ఎక్కువ. బాక్సింగ్ నేర్చుకునేవారిలో ఈ ఎముక తరచుగా విరుగుతుంది. పిడికిలి చూపుడు వేలు, మధ్య వేలి కణుపుల మీద కాకుండా చివరి రెండు వేళ్ల మీద తగలడమే అందుకు కారణం. వారం దాటినా వాపు ఉంది కనుక పిడికిలి చూడడానికి బాగానే ఉన్నా మీరు ఎక్స్‌రే తీయించుకోవలసిందే. ఇంకో చోటు కూడా చూసుకోండి. బొటనవేలిని వెనక్కి చాపినప్పుడు మణికట్టు దగ్గర ఒక చిన్న గుంట ఏర్పడుతుంది, అందులో నొక్కితే నొప్పి ఉంటే అక్కడి చిన్న ఎముక చిట్లి ఉండవచ్చు. ఆ చిట్లు మొదటి ఎక్స్‌రేలో ఒక్కోసారి కనిపించదు. నొప్పి తగ్గకపోతే పది, పద్నాలుగు రోజులకు మళ్లీ తీయిస్తారు. ఆ ఎముకకు రక్తం అందడమే తక్కువ కాబట్టి నిర్లక్ష్యం చేస్తే అతుక్కోకుండా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

కణుపుల మీది చర్మాన్ని సబ్బు, కుళాయి నీళ్లతో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ కప్పి ఆరనివ్వండి. కొత్త చర్మం వచ్చేదాకా బ్యాగ్ కొట్టవద్దు. ఒకవేళ కణుపు మీది గాయం స్పారింగ్‌లో ఎదుటివారి పన్ను తగిలి అయినదైతే, ఎంత చిన్నదైనా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నోటిలోని క్రిములు కీలులోకి దిగితే ఒకటి రెండు రోజుల్లోనే చెయ్యంతా పాడవుతుంది. చెయ్యి మానేదాకా ఫుట్‌వర్క్, తాడాట, ఎడమ చేతి జాబ్ (నేరుగా విసిరే గుద్దు) సాధన చేసుకోండి. కొన్ని వారాలు పోతాయని బాధపడవద్దు. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2017లో భుజం గాయంతో చాలా నెలలు రింగుకు దూరమైంది. 2022, 2023లలో ఆమె గెలిచిన ప్రపంచ స్వర్ణాలు ఆ విరామం తర్వాత వచ్చినవే.

ప్రశ్న: కిక్‌బాక్సింగ్‌లో తొడ మీద బలమైన కిక్ తగిలింది. లోపల గడ్డలా ఉంది. జిమ్‌లో ఒకతను గట్టిగా రుద్ది గడ్డ కరిగిస్తానంటున్నాడు.
– ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: రుద్దనివ్వకండి. తొడ కండరం ఎముకకు నొక్కుకొని లోపల రక్తం పేరుకుంది, ఆ రక్తాన్ని ఒళ్లు తనంతట తానే పీల్చుకుంటుంది. మొదటి రోజుల్లో గట్టిగా మర్దన చేస్తే మళ్లీ రక్తం కారుతుంది, కొందరిలో ఆ గడ్డలోనే ఎముక పొర ఏర్పడి నెలల తరబడి మోకాలు వంగకుండా చేస్తుంది. మొదటి రోజు కూర్చున్నప్పుడూ పడుకున్నప్పుడూ మోకాలిని ఓర్చుకోగలిగినంత మేర మడిచి ఉంచండి. కండరం సాగిన స్థితిలో ఉంటే లోపల పేరుకునే రక్తం తగ్గుతుంది, మోకాలు వంగే గుణం కూడా పోదు. తర్వాత ప్రతిరోజూ పొద్దున బోర్లా పడుకొని మడమ పిరుదుకు ఎంత దగ్గరగా వస్తుందో చూసుకోండి. ఆ దూరం రోజురోజుకూ తగ్గుతూ వస్తే మీరు కోలుకుంటున్నట్లే. రెండు వారాలైనా మోకాలు సగం కూడా వంగకపోతే ఆర్థోపెడిక్ వైద్యుణ్ణి కలవండి. నొప్పి గంట గంటకూ పెరుగుతూ, తొడ రాయిలా బిగిసిపోయి, పాదంలో తిమ్మిరి మొదలైతే మాత్రం తెల్లవారే దాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు, టైక్వాండో నేర్చుకుంటోంది. నిన్న స్పారింగ్‌లో తలకు కిక్ తగిలింది. హెడ్‌గార్డ్ పెట్టుకునే ఉంది, స్పృహ తప్పలేదు. కానీ రాత్రి నుంచి తలనొప్పి అంటోంది, వెలుతురు చూస్తే చిరాకు పడుతోంది, లెక్కలు చేస్తుంటే మనసు నిలవడం లేదంటోంది. వచ్చే ఆదివారం జిల్లా పోటీలు. మాస్టర్‌గారు ఇది మామూలేనన్నారు. రాత్రి నిద్రపోనివ్వకూడదని మా అత్తగారు అంటున్నారు.
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, వచ్చే ఆదివారం మీ అమ్మాయి పోటీలో దిగకూడదు. ఈ ఒక్క విషయంలో మాస్టర్‌గారి మాటను మీరు కాదనవలసి ఉంటుంది, ఆయన ఎంత మంచి గురువైనా సరే. మీరు రాసిన లక్షణాలన్నీ మెదడుకు తగిలిన కుదుపును సూచిస్తున్నాయి. దీన్ని వైద్యులు కంకషన్ అంటారు. ఇది జరిగిన వారిలో అత్యధికులకు స్పృహ తప్పదు, కాబట్టి స్పృహలోనే ఉందన్న ధీమా పనికిరాదు. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా, పుర్రెకు గట్టి దెబ్బ తగలకుండా కొంత కాపాడుతుంది గానీ, తల విసురుగా తిరిగినప్పుడు పుర్రె లోపల మెదడు కదలడాన్ని ఆపలేదు. టైక్వాండోలో తలకు తగిలే కిక్‌కు ఒంటికి తగిలే కిక్ కన్నా ఎక్కువ పాయింట్లు వస్తాయి కనుక ప్రత్యర్థులు తలనే లక్ష్యంగా చేసుకుంటారు. మొదటి కుదుపు మానకముందే రెండోది తగిలితే కోలుకోవడం చాలా ఆలస్యమవుతుంది, అరుదుగా ప్రాణం మీదికి కూడా వస్తుంది. ఆ ప్రమాదం పిల్లల్లోనే ఎక్కువ.

ఈ రోజే ఆమెను వైద్యుడికి చూపించండి. అవసరమని తోస్తే ఆయన స్కానింగ్ రాస్తారు. స్కానింగ్‌లో ఏమీ లేదని వస్తే లోపల రక్తస్రావం లేదని అర్థమే తప్ప, మళ్లీ స్పారింగ్ చేయవచ్చని అర్థం కాదు, ఎందుకంటే కంకషన్ స్కానింగ్‌లో కనిపించదు. వాంతులు మళ్లీ మళ్లీ అవుతున్నా, తలనొప్పి తీవ్రమవుతున్నా, మాట తడబడుతున్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, మెడ నొప్పి ఉన్నా, చేయో కాలో బలహీనపడినా, మూర్ఛ వచ్చినా, ముక్కు నుంచో చెవి నుంచో నీరు లాంటిది కారినా, లేపితే సరిగా లేవకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ఇవేవీ లేవని వైద్యుడు చూసి చెప్పాక ఆమెను హాయిగా నిద్రపోనివ్వండి; మెదడు కోలుకోవడానికి నిద్ర అవసరం. మొదటి రాత్రి ఆమె పక్కనే ఎవరైనా పడుకుంటే చాలు.

2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సులో నిపుణులు అంగీకరించిన పద్ధతి ప్రకారం, మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇవ్వాలి గానీ చీకటి గదిలో కూర్చోబెట్టకూడదు. ఇంట్లో తిరగడం, కొద్దిసేపు నడవడం మంచిదే. ఫోన్, టీవీ మాత్రం బాగా తగ్గించాలి. తర్వాత ముందు బడికి, అదీ మొదట సగం పూటకు పంపాలి. పాఠాలు మామూలుగా చదవగలిగినప్పుడే ఆట సంగతి ఆలోచించాలి. ఆటలోకి తిరిగి రావడంలో ఆరు మెట్లు ఉన్నాయి: రోజువారీ తేలిక పనులు, నడక వంటి తేలిక వ్యాయామం, ఒంటరిగా చేసే పూమ్సే (టైక్వాండో కదలికల వరుస), మరింత శ్రమతో కూడినా తాకిడి లేని సాధన, తాకిడి ఉన్న సాధన, చివరికి పోటీ. ఒక్కో మెట్టు మీద కనీసం 24 గంటలు ఉండాలి, లక్షణాలు బాగా పెరిగితే ఆ రోజుకు ఆపి మరునాడు మళ్లీ ప్రయత్నించాలి. తాకిడి ఉన్న మెట్టు ఎక్కే ముందు లక్షణాలన్నీ పోయాయని, ఇక భయం లేదని వైద్యుడు చెప్పాలి. పిల్లలకు సాధారణంగా దీనికంతా మూడు నాలుగు వారాలు పడుతుంది. పోటీ పోయిందని మీ అమ్మాయి ఏడిస్తే ఏడవనివ్వండి, తలనొప్పి ఉందని దాచకుండా చెప్పినందుకు మెచ్చుకోండి. ఈ విషయం దాచిపెట్టి పోటీకి దిగే పిల్లలు ఎందరో ఉన్నారు.

ప్రశ్న: కుస్తీ పట్టేటప్పుడు చెవి నలిగి పైభాగం మెత్తగా ఉబ్బింది. మా తాలీంఖానాలో పెద్దవాళ్లకు అందరికీ చెవులు అలాగే గడ్డకట్టి ఉన్నాయి. సూదితో గుచ్చితే పోతుందంటున్నారు.
– ఒక పాఠకుడు, చాంద్రాయణగుట్ట

జవాబు: చెవిలోని మృదులాస్థికి సొంతంగా రక్తనాళాలు ఉండవు, దాన్ని కప్పి ఉండే పొర నుంచే ఆహారం అందుతుంది. నలిగినప్పుడు ఆ రెండింటి మధ్య రక్తం చేరి పొర విడిపోతుంది, రక్తం తీయకపోతే చెవి ముడుచుకొని శాశ్వతంగా గడ్డకడుతుంది. ఒకటి రెండు రోజుల్లో తీయించుకుంటే ఆకారం నిలుస్తుంది, వారం పది రోజులు దాటితే గట్టిపడి శస్త్రచికిత్స తప్ప దారి ఉండదు. ఇంట్లో సూదితో గుచ్చితే చీము పట్టి, మిగిలిన మృదులాస్థి కూడా కరిగిపోవచ్చు. కోఠిలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రికి రేపు ఉదయమే వెళ్లండి. రక్తం తీశాక వేసే ఒత్తిడి కట్టును వాళ్లు చెప్పినన్ని రోజులు ఉంచుకోండి, లేకపోతే మళ్లీ నిండుతుంది. ఆ తర్వాత ఇయర్‌గార్డ్ లేకుండా కుస్తీకి దిగవద్దు. పెద్ద పహిల్వాన్ల చెవులు వారి ఏళ్ల సాధనకు గుర్తు అన్న గౌరవం నాకూ ఉంది, కానీ వారికి ఆ రోజుల్లో ఈ వైద్యం అందుబాటులో లేదు.

ప్రశ్న: హాస్టల్‌లో ఉంటూ జూడో ఆడుతున్నాను. మెడ మీద, నడుము దగ్గర గుండ్రంగా ఎర్రటి మచ్చలు, విపరీతమైన దురద. మందుల షాపులో ఇచ్చిన క్రీము రాస్తే మూడు రోజుల్లో పోయి మళ్లీ రెట్టింపుగా వచ్చాయి. గదిలో మరో ఇద్దరికి కూడా వచ్చాయి.
– ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: మీరు చెప్పిన దాన్నిబట్టి ఇది తామర. పట్టు పట్టే ఆటల్లో చర్మానికి చర్మం రాసుకోవడం వల్ల, తడి ఆరని మ్యాట్ల వల్ల, ఒకరి తువ్వాలు మరొకరు వాడటం వల్ల ఇది అంటుకుంటుంది. మీకిచ్చిన క్రీములో స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం ఎక్కువ. అది దురదనూ ఎరుపునూ వెంటనే అణచివేస్తుంది కనుక నయమైనట్లు కనిపిస్తుంది, కింద శిలీంధ్రం మాత్రం నిరాటంకంగా పాకుతుంది. మన దేశంలో పదేళ్లకు పైగా తామర మొండిగా మారి మామూలు మందులకు లొంగకపోవడం వెనుక ఇలాంటి మిశ్రమ క్రీముల విచ్చలవిడి వాడకం ఒక కారణమని చర్మవైద్యులు చెబుతున్నారు. ట్యూబు మీద క్లోబెటాసోల్, బెటామెథాసోన్ వంటి పేర్లు ఉంటే పక్కన పెట్టండి.

మీకు మచ్చలు ఒకటికి మించి ఉన్నాయి, పైగా తిరగబెట్టాయి, కాబట్టి పైపూత సరిపోదు. చర్మవైద్యుణ్ణి కలిస్తే వారాల తరబడి వేసుకోవలసిన మాత్రలు ఇస్తారు, మచ్చ కనపడకుండా పోయినా చెప్పినన్నాళ్లూ వాడాలి. గదిలోని ముగ్గురూ ఒకేసారి వైద్యం తీసుకోకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. మందు మొదలుపెట్టి కనీసం మూడు రోజులయ్యేదాకా మ్యాట్ ఎక్కవద్దు, ఆ తర్వాత కూడా మచ్చలను కప్పుకొనే ఆడండి. సాధన అయిన వెంటనే సబ్బుతో స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా తుడుచుకోవాలి. జూడోగీని (జూడో దుస్తులను) ప్రతిసారీ ఉతికి ఎండలో ఆరేయాలి. తడిదాన్ని సంచిలో కుక్కి మర్నాడు మళ్లీ వేసుకోవడం వానాకాలంలో హాస్టళ్లలో అందరికీ ఉన్న అలవాటు, దాన్ని మానుకుంటే సగం జబ్బు తగ్గినట్లే.

ప్రశ్న: కమ్యూనిటీ హాలులో ముప్పై మంది పిల్లలకు కరాటే నేర్పుతున్నాను. ప్రథమ చికిత్స పెట్టెలో ఏం ఉంచాలి? నొప్పి తగ్గించే స్ప్రే మంచిదేనా?
– ఒక కరాటే మాస్టర్, రామంతాపూర్

జవాబు: మాస్టర్‌గారూ, రెండు మూడు వెడల్పుల క్రేప్ బ్యాండేజీలు, వేళ్లకు చుట్టే టేపు, గాజుగుడ్డ, చేతి తొడుగులు, కత్తెర, పోవిడోన్ అయోడిన్, గాయం కడగడానికి మంచినీళ్ల సీసా, మూడు కోణాల పెద్ద గుడ్డ, చిన్న టార్చి ఉంటే చాలు. ఎదురుగా ఉన్న కిరాణా షాపులో చల్లటి పాల ప్యాకెట్ దొరికేలా చూసుకోండి. పిల్లవాడి శాశ్వత దంతం ఊడితే వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకొని, మట్టి అంటితే పాలతోనే ఒక్కసారి కడిగి, వీలైతే అదే గూటిలో పెట్టి, లేకపోతే పాలలో వేసి, గంటలోపు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాలకో దగ్గరలోని దంతవైద్యుడికో చేర్చాలి. ఎంత త్వరగా చేరితే పన్ను నిలిచే అవకాశం అంత ఎక్కువ. పాలపన్ను ఊడితే తిరిగి పెట్టకూడదు. ముక్కు నుంచి రక్తం వస్తే తల వెనక్కి వంచడం మన దగ్గర ఇంకా చూస్తున్నాం, అలా చేస్తే రక్తం గొంతులోకి పోతుంది. ముందుకు వంగి కూర్చోబెట్టి, ముక్కు కింది మెత్తటి భాగాన్ని పది, పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి. వేలి కీలు బెణికితే పక్క వేలికి కలిపి టేపు వేయవచ్చు. కానీ వేలి కొస కిందికి వాలి, తనంతట తాను పైకి లేవకపోతే అది వేలిని పైకి లేపే స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి భాగం) తెగిన గుర్తు. ఆ వేలిని వైద్యుడు ఆరు నుంచి ఎనిమిది వారాలు చిన్న చెక్కతో నిటారుగా కట్టి ఉంచుతారు.

పెట్టెతో పాటు ఒక నోటు పుస్తకం ఉంచండి. ఏ పిల్లవాడికి ఎక్కడ, ఎలా దెబ్బ తగిలిందో, టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో, తల్లిదండ్రులకు ఏ సమయంలో చెప్పారో అందులో రాయండి. మూడు నెలల తర్వాత దాన్ని తిరగేస్తే ఏ డ్రిల్‌లో దెబ్బలు ఎక్కువవుతున్నాయో మీకే తెలుస్తుంది. తలకు దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి ఆ రోజు మళ్లీ దింపనని క్లాసు మొదట్లోనే అందరి ముందూ చెప్పండి; నియమం ముందే తెలిసి ఉంటే పిల్లలు బతిమాలరు, తల్లిదండ్రులు నిందించరు.

స్ప్రే విషయానికి వస్తే, అది కాసేపు చర్మాన్ని చల్లబరచి నొప్పి తెలియకుండా చేస్తుంది, గాయాన్ని మాన్పదు. కొట్టగానే పిల్లవాడు లేచి మళ్లీ ఆడతానంటాడు. ఉంచదలుచుకుంటే ఉంచండి, కానీ ఆ రోజుకు మ్యాట్ దిగిపోయిన పిల్లవాడికి మాత్రమే వాడండి, కళ్లకూ తెరిచిన గాయాలకూ దూరంగా.